ఇంటిల్లిపాదికీ విటమిన్ మాత్రలు అవసరమా? ఎవరికి ఏది, ఎంత, ఎప్పటిదాకా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకసారి మళ్లీ చెప్పుకుంటాను, ఎందుకంటే నా సమాధానమంతా వాటి మీదే నిలబడుతుంది. మీది విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే శాకాహార కుటుంబం. మీ వయసు 44. మీ అమ్మగారికి 69 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటారు. మీ శ్రీమతికి ఏడాదిగా నీరసం, జుట్టు రాలడం. 19 ఏళ్ల మీ అబ్బాయి జిమ్‌లో చేరి ప్రొటీన్ పౌడరు కొనిపెట్టమంటున్నాడు. మీ చెల్లెలు పిల్లల కోసం ప్రయత్నిస్తోందని చివర్లో ఒక్క వాక్యం రాశారు. ఈ మధ్య అందరూ ప్యాకేజీ కింద రక్తపరీక్షలు చేయించుకుంటే మీకు విటమిన్ డి 18 అని, అమ్మగారికి బి12 164 అని వచ్చింది. ఆ కాగితాలు చూసిన ఒక పరిచయస్తుడు నెలకు 6,000 రూపాయల దాకా అయ్యే సప్లిమెంట్ల కిట్టు ఇంటిల్లిపాదికీ మంచిదని చెప్పి, మొదటి నెల డబ్బాలు ఇంట్లో పెట్టి వెళ్లారు. వాటిని వాడాలా వద్దా, అసలు విటమిన్ మాత్రలు మంచివా కావా అన్నది మీ ప్రశ్న.

నేను డాక్టరును కాను. గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి మందుల కౌంటరులోనూ, ఆ తరువాత విజయవాడ సూర్యారావుపేటలోనూ కలిపి 30 ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేశాను. చీటీ రాసిన డాక్టరుగారికి కనిపించనిది ఒకటి కౌంటరు వెనక నిలబడిన మాకు కనిపిస్తుంది. ఆ చీటీ ఎన్నేళ్లు తిరుగుతుందో మాకే తెలుస్తుంది. మూడు నెలలు వాడమని రాసిన కాల్షియం మాత్రలను నాలుగేళ్ల తరువాత కూడా అదే చీటీ మీద, మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించి మరీ తెచ్చి కొనుక్కున్నవారిని నేను లెక్కలేనంతమందిని చూశాను. అందుచేత విటమిన్లు మంచివా చెడ్డవా అన్న ప్రశ్నకు నేను సమాధానం చెప్పను. ఏ లోపానికి వేసుకుంటున్నాం, ఆ లోపం ఉందని ఎలా తెలిసింది, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపాలి అన్న నాలుగు మాటలు చెప్పగలిగితే ఆ మాత్ర వేసుకోవచ్చు. ఈ నాలుగింటిలో మనవాళ్లు ఎన్నడూ అడగనిది చివరిది. కొన్ని మాత్రలు జీవితాంతం వాడవలసినవే కావచ్చు, కానీ అది కూడా కారణం తెలిసి తీసుకున్న నిర్ణయమై ఉండాలి.

మీ ఇంట్లో తొందరపడవలసిన విషయం ఒక్కటే ఉంది. అది మీ అమ్మగారి బి12. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమని చాలా ల్యాబులు లెక్కిస్తాయి కనుక 164 తక్కువే. పైగా ఆవిడ విషయంలో మూడు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బి12ను సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేస్తాయి; అది మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారానే మనకు అందుతుంది, ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ ఉండదు. రోజుకు మనిషికి కావలసింది 2.2 మైక్రోగ్రాములే, అర లీటరు పాలు తాగితే దాదాపు సరిపోతుంది. కానీ అర లీటరు పాల ప్యాకెట్టు నలుగురి కాఫీలకూ పెరుగుకూ సర్దే ఇంట్లో పెద్దావిడ వాటాకు వచ్చేది ఎంతో మీకే తెలుసు. ఇక మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినప్పుడు పేగులో బి12 శోషణ తగ్గుతుంది. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆహారంలోని ప్రొటీన్ నుంచి బి12 విడిపడాలంటే ఆ ఆమ్లమే కావాలి. కాలేయంలో ఈ విటమిన్ నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది కాబట్టి లోటు మొదలైన చాలా కాలానికి గాని బయటపడదు. బయటపడ్డప్పుడు కూడా అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు రూపంలో వస్తుంది. ఇంట్లోవాళ్లు వాటిని షుగరు ఖాతాలోనో వయసు ఖాతాలోనో వేసేస్తారు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. తెనాలిలో ఉండే మా పిన్ని కూడా సరిగ్గా ఈ మందులే వాడేది. కాళ్ల కింద దూది పరిచినట్టుందిరా అని ఫోనులో చెబితే, నేను ఆలోచించకుండా కౌంటరు మీద చేతికందిన బి కాంప్లెక్స్ స్ట్రిప్పులు పంపాను. ఎనిమిది నెలలు పంపాను. వాటిలో బి12 నామమాత్రంగా ఉండేది, ఫోలిక్ యాసిడ్ మాత్రం దండిగా ఉండేది. ఒక సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు చూస్తే, వాకిట్లో నడుస్తున్న ఆవిడ కాలి నుంచి హవాయి చెప్పు జారి వెనక పడిపోయింది; నాలుగడుగులు వేసి, చల్లని గచ్చు తగిలినా తెలియక, నేను చెప్పాక కిందికి చూసుకుంది. నాలుక ఎర్రగా, నున్నగా, గీతలు లేకుండా ఉంది. గుంటూరులో నరాల డాక్టరుగారు పరీక్ష చేయిస్తే బి12 98 వచ్చింది. ఇంజెక్షన్లతో మంటలు తగ్గాయి గాని కుడికాలి వేళ్లలో స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. అప్పటి నుంచి వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటుంది. తప్పు నాది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా అందితే బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల చెడిపోతూనే ఉంటాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషణ చేసిన 1940లలోనే వైద్యులు ఈ సంగతి గమనించారు. ఫార్మసీ చదువులో నేనూ రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే, సొంత మనిషి దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

కాబట్టి అమ్మగారిని ఆ కిట్టులోని మల్టీవిటమిన్‌తో సరిపెట్టకండి. ఆవిడకు కావలసింది చికిత్స మోతాదు. నరాల లక్షణాలు ఉంటే డాక్టర్లు సాధారణంగా ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. లక్షణాలు లేకపోతే రోజుకు 1,000 మైక్రోగ్రాముల మాత్ర కూడా పనిచేస్తుంది. కావలసింది 2.2 అయితే 1,000 ఎందుకని మీకు అనిపించవచ్చు. సహజమైన శోషణ మార్గం దెబ్బతిన్నా పెద్ద మోతాదులో సుమారు ఒక శాతం దానంతట అదే పేగు గోడ దాటి రక్తంలోకి చేరుతుంది. ఆ ఒక శాతం కోసమే అంత ఇస్తారు. మెట్‌ఫార్మిన్ కొనసాగినంత కాలం, శాకాహారం కొనసాగినంత కాలం, ఆవిడకు ఏదో ఒక రూపంలో బి12 అవసరం ఉంటుంది, ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. ఇది నేను పైన చెప్పిన జీవితాంతపు కోవలోకి వస్తుంది. ఈ కారణం చూపి మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని మాత్రం తప్పకుండా అడగండి, ఎందుకంటే అది కూడా చాలా ఇళ్లలో ఎప్పుడో పది రోజులకు రాసిచ్చిన మాత్రే. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, నరాల బలానికని అమ్మే మాత్రల్లో పైరిడాక్సిన్, అంటే బి6, ఎక్కువ మోతాదులో ఉంటుంది. అలాంటివి రెండు మూడు కలిపి నెలల తరబడి వాడితే, ఆ బి6 వల్లే తిమ్మిర్లు రావచ్చు. తిమ్మిరికి మాత్ర, మాత్రకు తిమ్మిరి, మళ్లీ దానికి ఇంకొక మాత్ర: ఈ చక్రంలో ఇరుక్కున్నవారిని నేను చూశాను.

ఇప్పుడు మీ విటమిన్ డి సంగతి. మే నెలలో రోడ్డు మీద గుడ్డు పగలగొడితే అట్టు అవుతుందనిపించే బెజవాడలో ఉండి డి తక్కువేమిటని మీరు ఆశ్చర్యపోయారు. చర్మంలో ఈ విటమిన్‌ను తయారుచేయించే అతినీలలోహిత కిరణాలు అద్దాల గుండా రావు. ఇంటి నుంచి కారులోకి, కారులోంచి ఏసీ ఆఫీసులోకి వెళ్లే మనిషికి ఊళ్లో ఎండ ఎంత కాసినా ఒకటే. చామనఛాయ చర్మానికి తెల్లని చర్మం కంటే ఎక్కువసేపు ఎండ కావాలి. అయితే అంకె తక్కువగా ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు. చాలా ల్యాబులు 30 కంటే తక్కువ ఉంటే చాలదని రాసేస్తాయి, ఆ లెక్కన మన ఊళ్లో సగం వీధికి ఎర్ర అక్షరాలే వస్తాయి. 20 దిగువన ఉంటేనే లోపమన్న గీత నాకు సబబుగా కనిపిస్తుంది. 2024లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాలు, ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ఊరికే డి పరీక్ష చేయించుకోవద్దన్నాయి. 50 ఏళ్ల లోపువారు రోజువారీ సిఫారసుకు మించి వేసుకోనవసరం లేదన్నాయి. మన దేశంలో ఆ సిఫారసు రోజుకు 600 యూనిట్లు. 25,871 మందితో జరిగిన వైటల్ అనే అధ్యయనంలో రోజుకు 2,000 యూనిట్ల చొప్పున సగటున అయిదేళ్లకు పైగా వాడినా క్యాన్సర్లు గాని గుండెజబ్బులు గాని తగ్గలేదని 2018లో తేలింది, ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో చెప్పారు. అందులో చేరినవారిలో ఎక్కువమందికి మొదట్లోనే లోపం లేదన్నది గుర్తుంచుకోండి.

మీది 18 కాబట్టి డాక్టరుగారు బహుశా 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికి ఒకటి చొప్పున 8 వారాలు రాస్తారు. దాన్ని సరిగ్గా అలాగే వాడండి. నా ఉద్యోగంలో నేను భయపడ్డ సందర్భాల్లో ఇదొకటి. కృష్ణలంక నుంచి వచ్చే ఒక పెద్దాయన వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటిగా అర్థం చేసుకుని, ఇంకో రెండు షాపుల్లో కూడా కొని, నెలన్నర పాటు రోజూ వేసుకున్నారు. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మగతతో ఆసుపత్రిలో చేరితే రక్తంలో కాల్షియం బాగా పెరిగి, కిడ్నీల పనితీరు దెబ్బతిని ఉంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. ఎక్కువైనవి మూత్రంలో పోకుండా ఒంట్లో పేరుకుంటాయి. ఆ తరువాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఆ క్యాప్సూళ్లు నాలుగు గూళ్ల స్ట్రిప్పుగా వస్తాయి. ప్రతి గూడు పక్కనా స్కెచ్ పెన్నుతో రాబోయే ఆదివారం తేదీ వేసి ఇచ్చేవాణ్ణి. మీరు కూడా అలాగే రాసుకోండి. ఎనిమిది ఆదివారాలు అయిపోయాక పెద్ద మోతాదు ఆపి, తరువాత ఏం చేయాలో డాక్టరుగారిని అడగండి.

మీ శ్రీమతి విషయంలో నాకు విటమిన్ల కంటే ముందు వేరే అనుమానాలు వస్తున్నాయి. మీరు పంపిన వివరాల్లో ఆవిడ హిమోగ్లోబిన్ ఎంతో లేదు, థైరాయిడ్ ఎంతో లేదు. ప్యాకేజీలో అరవై పరీక్షలున్నా ఆ రెండు అంకెలు మీ కంట పడలేదంటే ఎర్రగా ఉన్నవాటినే చూశారన్నమాట. నీరసమూ జుట్టు రాలడమూ కలిసి ఉన్నప్పుడు పూర్తి రక్తపరీక్ష, ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగరు చూడాలి. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఫెరిటిన్, అంటే ఐరన్ నిల్వ, అడుగంటి ఉండవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు మగవారికి 19 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, నెలసరి వచ్చే స్త్రీలకు 29 కావాలి. గోంగూర పప్పు తిని ఆ 29 దాటేశాననుకోవడం మన గుంటూరు వైపు వారికి ఒక ముచ్చట. ఆకుకూరల్లోని ఐరన్‌లో శరీరం తీసుకునేది కొద్ది భాగమే. నిమ్మకాయ పిండుకుంటే కొంత పెరుగుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది.

ఐరన్ లోపమని తేలితే మాత్ర పనిచేస్తుంది, అనుమానం లేదు. కాఫీకీ టీకీ కాల్షియం మాత్రకూ దూరంగా వేసుకోవాలి. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడనక్కరలేదు. కడుపు పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి. అలా వేసుకున్నప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఐరన్ ఒంటికి పడుతుందని పరిశోధనల్లో కనబడింది. హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వచ్చాక నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు సాగించి, అప్పుడు ఆపాలి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా అన్నది కూడా ఆడ డాక్టరుగారి దగ్గర మొహమాటపడకుండా చెప్పమనండి, గండిపడ్డ చెరువుకు నీళ్లు తోడిపోస్తే నిండదు. ఒక చిన్న పక్కమాట: రేషన్ బియ్యంలో కలిపి ఇచ్చిన బలవర్ధక బియ్యపు గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవారు ఉన్నారు. అందులో కలిపినవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12. పారేసింది వాటినే.

జుట్టు కోసమని ఆవిడ ఇప్పటికే బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో కనుక్కోండి. బయోటిన్ లోపం చాలా అరుదు, జుట్టుకు దానివల్ల మేలు జరిగిన ఆధారాలు దాదాపు లేవు. కానీ ఇబ్బంది వేరొకటుంది. అనేక ల్యాబుల్లో హార్మోన్ పరీక్షలు బయోటిన్ ఆధారంగా పనిచేసే పద్ధతిలోనే జరుగుతాయి. ఈ మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుని వెళితే థైరాయిడ్ బాగున్న మనిషికి కూడా ఎక్కువగా పనిచేస్తున్నట్టు కాగితం వస్తుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా తక్కువ చూపించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, వాడుతున్న సంగతి ల్యాబులో చెప్పాలి.

ఇక ఆ కిట్టు దగ్గరికి వద్దాం. విటమిన్లను నేను తక్కువ చేసి మాట్లాడను. మర పట్టిన పచ్చిబియ్యమే అన్నమైన మన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి స్థిరపడిన జబ్బు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అది అంతగా లేదు. తవుడుతో పాటు పోయిన ఒక్క బి1 అందుకు కారణం. ఉన్న లోపాన్ని తీర్చినప్పుడు విటమిన్ చేసే పని చూస్తే మహిమ అనిపిస్తుంది. లోపం లేని చోట ఎక్కువ పోస్తే ఎక్కువ బలం వస్తుందన్న నమ్మకమే తేడా కొట్టింది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారితో చేసిన పరీక్షలో, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకుని బీటా కెరోటిన్ ఇస్తే, తీసుకున్నవారిలో అది 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో మరొక పెద్ద అధ్యయనం చెప్పింది. యాంటీ ఆక్సిడెంట్ అన్న పేరుతో మీ కిట్టులో ఉన్న డబ్బాలో ఈ రెండూ ఉన్నాయేమో వెనక చీటీ చూడండి. మామూలు మల్టీవిటమిన్ మాత్ర ఆరోగ్యవంతుడికి పెద్ద హాని చేయదు, చెప్పుకోదగ్గ మేలు చేస్తుందన్న రుజువూ సరిపడా లేదు. మర్నాడు మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడం మందు పనిచేస్తున్న గుర్తని మీ పరిచయస్తులు చెప్పి ఉంటారు. ఒంటికి అక్కరలేని బి2 అలా బయటికి పోతోందని మాత్రమే దాని అర్థం.

డబ్బాలన్నీ బల్ల మీద పెట్టి ఒక పని చేయండి. ఒక తెల్లకాగితం మీద విటమిన్ ఎ, డి, బి6, జింక్, కాల్షియం అని నిలువుగా రాసి, ఏ డబ్బాలో ఎంత ఉందో అడ్డంగా వేసి కూడండి. ఇలాంటి కిట్లలో ఒకే విటమిన్ మూడు డబ్బాల్లో మూడు పేర్లతో ఉండటం నేను చాలాసార్లు చూశాను. జింక్ ఎక్కువ కాలం ఎక్కువగా తీసుకుంటే రాగి తగ్గిపోతుంది. కోవిడ్ కాలంలో మొదలుపెట్టిన జింక్ మాత్రలను ఇంకా మానని ఇళ్లున్నాయి. దేశ ఆహార భద్రతా సంస్థ పేరైన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అన్న అక్షరాల కింద కనిపించే 14 అంకెల సంఖ్య ఆహార పదార్థంగా తయారుచేసి అమ్ముకోవడానికి ఇచ్చిన లైసెన్సు. జబ్బు తగ్గిస్తుందని ఇచ్చిన ధ్రువపత్రం కాదు. ఔషధంగా వాడరాదన్న మాట అదే చీటీ మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, భూతద్దం పెట్టి వెతకండి. మూలికలున్న డబ్బాలైతే ఇంకా జాగ్రత్త అవసరం. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. అశ్వగంధ, పసుపు సారం, గ్రీన్ టీ సారం గాఢమైన మాత్రల రూపంలో తీసుకున్నప్పుడు కూడా అలాంటి కేసులు వచ్చాయి. కూరలో వేసే చిటికెడు పసుపుకూ, సారం తీసి దట్టించిన క్యాప్సూల్‌కూ పేరొక్కటే ఉమ్మడి. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే దానికీ కాల్షియం, ఐరన్ మాత్రలకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తం పలచబడటానికి ఎసిట్రోమ్ గాని వార్ఫరిన్ గాని వాడేవారు డాక్టరుకు చెప్పకుండా ఏ సప్లిమెంటూ ముట్టకూడదు, విటమిన్ కె ఆ మందు పనిని చెడగొడుతుంది.

విటమిన్ సి మాత్రలకు డబ్బు పెట్టకండి. రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములు, ఒక మోస్తరు జామకాయలో అంతకు మించి ఉంటుంది.

మీ అబ్బాయి ప్రొటీన్ లెక్క కూడా చెబుతాను. కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున 65 కిలోల కుర్రవాడికి రోజుకు 54 గ్రాములు చాలు, బరువులెత్తుతున్నాడు కనుక ఇంకొంచెం కలుపుకోండి. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22, అర లీటరు పాలలో 16, 50 గ్రాముల మీల్‌మేకర్‌లో పాతిక గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అన్నంలో వచ్చేది అదనం. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లకు దూరంగా ఉండమని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది. వాడు వినడనుకుంటే కనీసం పొడిలో ఏం కలిసిందో తెలిసిన సాదా రకం కొనమనండి, స్నేహితుడు విడిగా కవరులో పోసిచ్చినది వద్దు. వాడు కూడా శాకాహారే కాబట్టి బి12 ఒకసారి చూపించండి.

మీ చెల్లెలి సంగతి మాత్రం మీ ఇంట్లో మిగతా అందరికంటే భిన్నం. ఏ లోపమూ బయటపడకపోయినా వేసుకోవలసిన మాత్ర ఒకటుందంటే అది గర్భం కోసం ప్రయత్నించే స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. శిశువు మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీ నాళం గర్భం వచ్చిన తొలి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, అంటే చాలామందికి గర్భమని తెలిసేలోపే. అందుకని ముందు నుంచే మొదలుపెట్టి 12 వారాలు పూర్తయ్యే దాకా వాడాలి. అంతకుముందు ఆ నాళం సరిగా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు పెద్ద మోతాదు ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం రుజువు చేసింది. ఆ తరువాత ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తారు. ఆ కిట్టులో చేప కాలేయపు నూనె గాని విటమిన్ ఎ ఎక్కువున్నది గాని ఉంటే ఆ అమ్మాయి దాని జోలికి వెళ్లకూడదు, అది గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది.

సీలు తీయని డబ్బాలను ఈ వారంలోనే తిరిగి ఇచ్చేయండి. మొహమాటమైతే డాక్టరుగారు వద్దన్నారని చెప్పండి. సీలు తీసినవాటిని పనిమనిషికో వాచ్‌మన్‌కో ఇవ్వకండి. ఉంచుకున్న మందులను ఫ్రిజ్ నెత్తిన పెట్టే అలవాటు మన ఊళ్లో ఎక్కువ. అక్కడ మోటారు వేడికి వేసవిలో జిలాటిన్ క్యాప్సూళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పడకగదిలో పొడి అలమర చాలు.

సోమవారం అమ్మగారిని డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్లేటప్పుడు మందుల పేర్లు నోటితో చెప్పకుండా, ఆవిడ వాడే స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉన్నాయో లేవో మీరు రాయలేదు. ఈ రాత్రే అడగండి. చెప్పు జారితే తెలుస్తోందా అని కూడా అడగండి. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి కళ్లు మూసుకుని నిలబడమని చెప్పి, తూలితే పట్టుకునేంత దగ్గరలో, గోడ పక్కన మీరు నిలబడండి. ఆవిడ తూలితే సోమవారం దాకా ఆగవద్దు.